ఏ నొప్పికి ఆక్యుపంక్చర్ సూది?

పన్ను పీకించుకున్నా నొప్పి పోలేదని వాపోయేవాళ్లు ఉంటారు. తీరా చూస్తే అది పంటి నొప్పే కాదు, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరం తెచ్చిపెట్టిన బాధ. కరెంట్ షాక్ కొట్టినట్టు క్షణాల్లో వచ్చిపోయే ఆ పోటుకు మంచి పళ్లు కూడా బలైపోతుంటాయి. ఒంట్లో కొన్ని చోట్ల సన్నటి సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్ వైద్యం గురించి మాట్లాడుతూ ఇదెందుకంటే, సూది ఎక్కడ గుచ్చాలన్న దానికన్నా నొప్పి ఎక్కడ పుట్టిందన్నది ముందు తేలాలి.

ఈ వైద్యాన్ని కొట్టిపారేయాలని మేం అనడం లేదు. పంటి ఆపరేషన్ తర్వాతి నొప్పికి ఇది పనిచేస్తున్నట్టు ఆశాజనక ఫలితాలున్నాయని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కూర్చోబెట్టిన నిపుణుల బృందమే 1997లో చెప్పింది. అంతకు 20 ఏళ్ల ముందు జరిగిన ప్రయోగం మరీ ఆసక్తికరం. పంటికి కొద్దిగా కరెంటు తగిలించి నొప్పి పుట్టించారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే హెగు బిందువు దగ్గర సూది గుచ్చితే ఆ నొప్పి తగ్గింది. నలాక్సోన్ అనే మందు ఎక్కించగానే మళ్లీ తెలిసింది. మార్ఫిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు అది. అంటే సూది వల్ల ఒంట్లోనే మార్ఫిన్‌లా నొప్పి తగ్గించే ఎండార్ఫిన్లనే రసాయనాలు ఊరుతున్నాయన్నమాట. తర్వాతి పరిశోధనలన్నీ దీన్ని బలపరచలేదు, అది వేరే సంగతి.

సూదితో ఊరట దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది దవడ కండరాల నొప్పికే. టెన్షన్‌లో దవడ బిగించేవాళ్లకు, నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు నమిలే కండరాలు గట్టిపడి పొద్దున లేచేసరికి నోరు తెరవడమే కష్టమవుతుంది. అక్కడ సూదులు పెట్టించుకున్నాక హాయిగా ఉందనేవాళ్ల మాట అబద్ధం కాదు. కాకపోతే కొన్ని పరీక్షల్లో ఉత్తుత్తి సూదులతోనూ దాదాపు అంతే ఉపశమనం కనిపించింది. బాధ తగ్గితే చాలు, కారణమేదైతేనేం అనుకునే రోగిని తప్పుపట్టలేం. ఆ మాట వైద్యుడు అంటే మాత్రం ఒప్పుకోలేం.

పిప్పి పన్ను కింద చీము పట్టినప్పుడు సూదితో నొప్పి అణిచిపెట్టడం ప్రమాదం. నొప్పి తగ్గినా చీము పోదు, ముఖమంతా వాచేదాకా తీసుకెళ్తుంది. ట్రైజెమినల్ నరం నొప్పికి కార్బమజెపైన్ వంటి మందులే మొదటి దారి. సూదులు మొదలెట్టామని వాటిని సొంతంగా ఆపేయకూడదు. మెట్లెక్కుతుంటే దవడ లాగి, కూర్చోగానే తగ్గుతుంటే పరుగెత్తాల్సింది గుండె డాక్టర్ దగ్గరికి.

అందుకే సూది పెట్టేవారు ముందు దంత వైద్యుడు ఏమన్నారో అడగాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, గర్భంతో ఉన్నారా అన్నదీ తెలుసుకోవాలి. కొత్త సూదుల ప్యాకెట్ రోగి కళ్లముందే విప్పాలి. నాలుగైదు సిట్టింగులకూ తేడా లేకపోతే ఇంకో పదికి డబ్బు కట్టించుకోకుండా, వేరే డాక్టర్‌కు చూపించుకోమని చెప్పి పంపాలి.