విశ్వానికి నెల్లూరు సవరణలు

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాకు పోయింది. పోతే పోయింది, అంతరిక్షం మీద నెల్లూరు హక్కు మాత్రం చెక్కుచెదరలేదు. ఏ బడి ప్రహరీ అయినా, పిల్లల పడగ్గది గోడైనా చూడండి, అక్కడ వేసిన అంతరిక్షం బొమ్మల్లో విశ్వం మనం చెప్పినట్టే నడుచుకుంటోంది.

మొదటి సవరణ వెలుగుది. సూర్యుడు ఎడమన ఉంటే గ్రహాలన్నిటికీ ఎడమ చెంపే మెరవాలన్నది పాత పద్ధతి. ఇప్పుడు గురుడికి కుడివైపు, శుక్రుడికి నడినెత్తిన. నీడవైపు అంచును ఆకాశపు నలుపులో కలిపేస్తేనే గోళం గుండ్రంగా కనబడుతుందని పెయింటరుకు తెలుసు. "డబ్బులిచ్చి సగం గ్రహం వేయించుకుంటామా?" అని ఓనరు చుట్టూ తెల్లగీత కొట్టిస్తాడు. గోళం కాస్తా అప్పడం. నెలవంక కొమ్ముల మధ్య చుక్కదీ ఇదే కథ. అక్కడున్నది చంద్రుడి చీకటి భాగం, అంటే రాయి. దాన్ని తొలుచుకుని చుక్క వెలగాలి. "చుక్క లేకుంటే వెలితిగా లేదా అబ్బయా" అంటే వెలగక చస్తుందా?

దూరాల విషయంలో మరీ ఉదారంగా ఉన్నాం. భూమిని అడుగు వ్యాసంతో వేస్తే చంద్రుడు మూడుంబావు అంగుళాలు, 30 అడుగుల అవతల, పక్కింటి గోడ మీద. సూర్యుడు 109 అడుగులు, మూడున్నర కిలోమీటర్ల దూరాన. కార్పొరేషన్ అనుమతి దొరకదని అందర్నీ ఆరడుగుల్లో సర్దేశాం.

1944లో అమెరికా చిత్రకారుడు చెస్లీ బోన్‌స్టెల్ గీసిన బొమ్మ లైఫ్ పత్రికలో వచ్చింది: శని ఉపగ్రహం టైటన్ మీంచి చూస్తే నీలాకాశంలో శని. 1980లో వాయేజర్-1 వ్యోమనౌక వెళ్లి చూస్తే అంతా నారింజ రంగు పొగమంచు, నేలే కనబడలేదు. పాపం, ఆయనకు సమాచారం లేదు. మనకు ఉండీ మొహమాటం లేదు. రంగుల్లో మాత్రం హబుల్ అంతరిక్ష టెలిస్కోపు వాళ్లే మన దారికొచ్చారు. 1995 నాటి ఈగల్ నెబ్యులా (వాయువు, ధూళి మేఘం) స్తంభాల చిత్రంలో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం వాళ్లు కేటాయించినవే.

చుక్కలకు టూత్‌బ్రష్షే శరణ్యం. తెల్ల ఎక్రిలిక్‌ను చిక్కటి పాలలా కలిపి, ముందు పాత పేపరు మీద విదిలించి, ఆనక గోడకు అడుగు దూరంలో బొటనవేలితో మీటాలి. నీళ్లెక్కువైతే చుక్కలు తోకచుక్కలై కారతాయి. ఇదంతా ఎందుకని కుంచెతో జానెడుకొకటి పెట్టినవాడికే "నీటుగా వేశాడు" అన్న పేరు.

కోస్తా గోడకు చెమ్మ సహజం. గీకి, ఆరబెట్టి, ప్రైమర్ వేశాకే నలుపు పూయాలి. ఆ ఖర్చు మిగుల్చుకున్న ఇళ్లలో నాలుగు వానలకు లోపలి ఉప్పు పైకి పూస్తుంది, ఎక్కడ ఒత్తుగా, ఎక్కడ పలచగా పడాలో అలాగే. ఆ గోడ మొత్తమ్మీద పాలపుంతకు పోలిక ఉన్న భాగం అదొక్కటే. ఓనరు దానికి సున్నం కొట్టిస్తున్నాడు.