అప్పుందండీ, అందుకే ధైర్యం

భీమవరం వైపు మనిషి పరపతిని చెరువుల ఎకరాలతో కొలుస్తారని బయటివాళ్లు అనుకుంటారు. పొరపాటండి. ఆయనకి ఎంతమంది అప్పిచ్చారన్నది అసలు కొలత. సొంత డబ్బుతో రొయ్యలు వేసేవాణ్ణి చూస్తే మాకు జాలి. పాపం, రాత్రి కరెంటు పోతే నిద్ర పట్టదు.

మా బాబాయిగారికి ఆ బెంగ లేదు. ఆయనది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. లిమిటెడ్ అంటే ఏమిటని పిన్ని అడిగితే, "మునిగితే మోకాలి లోతు, తేలితే తాటిచెట్టంత" అని సెలవిచ్చారు. కంపెనీ కట్టకపోతే నేనే కడతానని బ్యాంకువాళ్లు పర్సనల్ గ్యారంటీ కూడా రాయించుకున్నారు. రాశారు. ఇల్లు మాత్రం పిన్ని పేరున ఉంది.

మొన్న, రొయ్య పిల్లలు వేసిన డెబ్బయ్యో రోజున వల విసిరి కౌంట్ చూశారు. 60 వచ్చింది, అంటే కిలోకి 60 రొయ్యలు. రెండు చెరువుల అవతల అప్పటికే వైట్ స్పాట్, అంటే రొయ్యల్ని ఊడ్చేసే రోగం. ఇప్పుడు పట్టేస్తే 90 లక్షలు వస్తాయి. అప్పు కూడా సరిగ్గా 90 లక్షలే. ఇంకో నెల ఆగి 40 కౌంట్‌కి తెస్తే, మేత ఖర్చు పోను కోటీ 40 లక్షలు. రోగం వస్తే 20 లక్షలు. అవకాశం సగం సగం అనుకోండి, సగటున 80 లక్షలు. చిన్నపిల్లాడైనా పట్టేయమంటాడు.

బాబాయిగారు పట్టలేదు. పడితే ఆయన చేతికి సున్నా. ఆగితే 50 లక్షలు, లేదా అదే సున్నా. పోయేది ఎలాగూ అప్పిచ్చినవాళ్లదే కదా! 1976లో మైకేల్ జెన్సన్, విలియం మెక్లింగ్ అనే ఆచార్యులు ఈ సంగతి మీదే అమెరికాలో పెద్ద పరిశోధన వ్యాసం రాశారు. మా భీమవరం పక్కన ఉండి అనే ఊరి దాకా వచ్చి ఏ గట్టు మీద టీ తాగినా సరిపోయేది.

మరి అప్పిచ్చినవాళ్లు ఊరుకున్నారా అంటారేమో. ఆ 90లో 15 లక్షలు మేత షావుకారువి. మేత అరువిచ్చేది ఆయనే, ఎంత వేయాలో చెప్పే టెక్నీషియన్ ఆయన మనిషే, పట్టుబడి రోజున రొయ్యలు కొనేవాణ్ణి తెచ్చేదీ ఆయనే. తన బాకీ కాటా దగ్గరే మినహాయించుకుంటాడు, కాబట్టి రోగమొచ్చినా ఆ 20 లక్షల్లోంచి ముందు ఆయన డబ్బే తేలుతుంది. పైగా నెల రోజుల మేత అమ్ముడవుతుంది. "గ్రోత్ బ్రహ్మాండంగా ఉంది, ఉంచండి" అని టెక్నీషియన్ చెప్పాడంటే ఆశ్చర్యం ఏముంది?

మిగిలింది బ్యాంకు. బాకీ 90 రోజులు దాటితే మొండి బాకీ అని రాయాలి, పైవాళ్లు అడుగుతారు. అందుకని మేనేజరు గారు కొత్త అప్పిచ్చి, దాంతో పాత వడ్డీ కట్టించారు. మార్చిలో ఆయనకి ట్రాన్స్‌ఫర్. ఇలా కొత్త అప్పుతో పాత బాకీని పచ్చగా ఉంచడాన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటారట. డెల్టాకి ఈ పచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికి తెలిసింది. అనవసరంగా కాటన్ దొర విగ్రహాలకి దండలు వేస్తున్నాం.

ఇది మావాళ్ల చిల్లర వ్యవహారమని తీసిపారేయకండి. అప్పు మీద కట్టే వడ్డీని ఖర్చుగా చూపించి కంపెనీ పన్ను తగ్గించుకోవచ్చు, వాటాదారులకిచ్చే డివిడెండుకి ఆ వీలు లేదు. చట్టమే అప్పు చేయమని వీపు తడుతోంది. ఇక పరీక్ష రాసే కుర్రాడే మాస్టారికి జీతమిస్తే మార్కులెలా పడతాయో, ఎవరు అప్పు తీర్చగలరో మార్కులు వేసే రేటింగ్ కంపెనీల సంగతీ అలాగే. రోడ్లు, కరెంటు లాంటి ప్రాజెక్టులకి డబ్బు పెట్టే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ 91 వేల కోట్ల పైచిలుకు అప్పుతో ఉండి కూడా 2018 ఆగస్టు మొదటి దాకా ట్రిపుల్ ఏ, అంటే ఫస్ట్ ర్యాంకు. సెప్టెంబరు సగానికల్లా డి, అంటే బాకీ ఎగ్గొట్టినట్టే. ఫీజు కట్టింది ఆ కంపెనీయే.

అన్నట్టు, నిన్న ఏరేటర్ మోటారు కాలిపోయింది, చెరువు నీళ్లలో రొయ్యలకి గాలి ఆడించేది అదే. రీవైండింగ్‌కి ఇవ్వండి అంటే బాబాయిగారు నవ్వారు. "నా జేబులోంచి పెట్టి బాగు చేయిస్తే బతికే రొయ్యలు ముందు ఎవరివిరా? బ్యాంకువి." ఆ మాట అని, దుప్పటి కప్పుకుని పడుకున్నారు.

తెల్లవారుజామున 3 గంటలకి గట్టు మీద టార్చిలైటు కదులుతోంది. బాబాయిగారికి భయం పట్టుకుందేమోనని లేచి వెళ్లాను. ఆయన కాదు. పక్క చెరువాయన, సొంత డబ్బుతో సాగు. మా చెరువు నీళ్లు వదిలే డ్రెయిన్‌లోంచే ఆయన నీళ్లు తోడుకోవాలి.

"మీ బాబాయిగారు ఎప్పుడు పడుతున్నారు బాబూ?" అని అడిగాడు.