రైన్‌లో నీళ్లు తగ్గితే ఏం చేస్తారు?

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వరకు రైన్ నదిలో ఓడ మీద వెళ్లి, ఆ తర్వాత స్విస్ ఆల్ప్స్ కొండల్లో నడిచే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కే విలాస యాత్ర గురించిన వ్యాసం చదివాను. వ్యాసకర్త ఆ యాత్రను చక్కగా వర్ణించారు గానీ, నీటిమట్టం గురించి ఒక్క ముక్క కూడా రాయకపోవడం పెద్ద లోటే. 2018లోనూ 2022లోనూ వానలు లేక నది సన్నబడినప్పుడు, జర్మనీలోని కౌబ్ దగ్గర లోతు చాలక, కొన్ని ఓడల ప్రయాణికులను మధ్యలో దించి బస్సుల్లో తరలించాల్సి వచ్చింది. అంత ఖర్చు పెట్టి, కొండల మీది కోటలను బస్సు కిటికీలోంచి చూడాలని ఎవరికుంటుంది? అలాంటప్పుడు డబ్బు ఎంత వాపసు ఇస్తారో బుకింగ్‌కు ముందే నిబంధనల్లో చదువుకోవడం మంచిది.

రైలు మాత్రం ఆ ఖర్చుకు తగినదే. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా 291 వంతెనలు, 91 సొరంగాలు దాటుతూ సుమారు ఎనిమిది గంటలు నింపాదిగా సాగుతుంది. 2,033 మీటర్ల ఎత్తున ఒబరాల్ప్ కనుమ దాటి దిగాక, ఇలాంజ్, రైషెనావ్ ఊళ్ల మధ్య తెల్లటి సున్నపురాతి గోడల నడుమ పట్టాల పక్కనే పరుగెత్తే ఏరు, దిగువన పెద్ద ఓడలను మోసిన ఆ రైన్‌కు పుట్టింటి పాయే. వ్యాసంలో తప్పక ఉండాల్సిన ముచ్చట ఇది. స్విట్జర్లాండ్‌లో రైళ్లు, బస్సుల్లో తిరిగేందుకు పర్యాటకులు కొనే స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నవారు కూడా ఈ రైల్లో సీటు రిజర్వేషన్ రుసుమును విడిగా చెల్లించాల్సిందే.