వరదలో ముందు అందాల్సింది క్లోరిన్

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్‌లో చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం బయటి నుంచి వచ్చే ప్యాకెట్లూ సీసాలే దిక్కయ్యాయి. కరెంటు పోతే ఇంట్లో ఆర్వో మిషన్ ఉన్నా ఉపయోగం ఉండదు. అయినా చవకైన నీటిశుద్ధి అనగానే మన చర్చ కొత్త పరికరాల మీదికే పోతుంది. ముందుగా చేరాల్సింది క్లోరిన్, దాన్ని సరిగ్గా కలిపే పద్ధతి.

33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట వంచుకుంటే దాదాపు ఒక శాతం ద్రావణం తయారవుతుంది. 20 లీటర్ల క్యాన్‌లో అది 4 మిల్లీలీటర్లు, అంటే టీ స్పూను కన్నా కాస్త తక్కువ వేస్తే, లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ పడుతుంది. అరగంట ఆగాలి. ఆపైన కాస్త నీటిని విడిగా తీసి, క్లోరిన్ మిగిలిందో లేదో చెప్పే ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు వేసి చూస్తే అది పసుపు రంగుకు తిరగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం.

ఇంత తేలికైన పని ఎక్కడ చెడుతుందంటే, మొదట పౌడర్ దగ్గరే. మూతి విప్పిన బస్తా చెమ్మ పీల్చి క్లోరిన్ పోగొట్టుకుంటుంది, కొలత మాత్రం పాతదే వేస్తాం. రెండోది బురద. క్లోరిన్‌ను బురదలోని చెత్తే తినేస్తుంది, సూక్ష్మజీవులకు మిగలదు. అందుకే ముందు పటికతోనో, మన పెద్దలు కుండలో అరగదీసిన చిల్లగింజతోనో నీటిని తేర్చి, పాత నూలుగుడ్డ నాలుగు మడతల్లో వడగట్టాలి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ పల్లెల్లో పాత చీర మడతల్లో వడగట్టిన నీళ్లు తాగిన ఇళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో తేలింది. ఉతికి ఉతికి నలిగిన చీరే ఇందుకు బాగా పనికొస్తుంది, దారాలు విచ్చుకుని కంతలు చిన్నవవుతాయి. మూడోది చెయ్యి. శుద్ధిచేసిన బిందెలో గ్లాసు ముంచితే మళ్లీ మొదటికే వస్తాం. కుళాయి ఉన్న, మూతి సన్నటి క్యాన్ తప్పనిసరి.

చేతిలో పట్టే మెంబ్రేన్ (అతి సన్నటి రంధ్రాల పొర) ఫిల్టర్లు మంచివే. 0.1 మైక్రాన్ రంధ్రాలు బ్యాక్టీరియాను ఆపుతాయి, హెపటైటిస్-ఎ వైరస్‌ను ఆపలేవు. సిరంజితో వెనక్కి నీరు కొట్టి కడగకపోతే కొన్నాళ్లకే పూడుకుపోతాయి.

నల్గొండ, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరైడ్ సమస్య వేరు. క్లోరిన్‌గానీ, గుడ్డగానీ, ఈ ఫిల్టర్‌గానీ ఫ్లోరైడ్‌ను తీయవు. మరిగిస్తే నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. అక్కడ ఈ ఫిల్టర్లు పంచి పని అయిపోయిందనుకోవడం జనాన్ని మోసం చేయడమే.

వానలు మొదలవక ముందే లోతట్టు వార్డుల్లో ఆశా కార్యకర్తల చేతికి క్లోరిన్ మాత్రలు, ఓటీ సీసా, కుళాయి క్యాన్లు అందాలి. గడువు తీరిన మాత్రలను ఏటా తీసేసి కొత్తవి నింపాలి. బడ్జెట్‌లో వాటికి విడిగా పద్దు ఉండాలి.