తాండ్ర కొట్టుకు తాళం

విజయనగరం గంటస్తంభం దాటి మార్కెట్టు వైపు నడిచేవారికి ఆ కొట్టు ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. వాసనే చెప్పేది. ముగ్గిన మామిడిపండు వాసనలో ఎండిన చాప వాసన కలిస్తే వచ్చే కమ్మదనం అది. మూడు తరాలుగా మామిడి తాండ్ర, తాటిబెల్లం, చోడి (రాగి) పిండి, నువ్వుండలు తప్ప మరొకటి అమ్మని ఆ కొట్టుకు పోయిన శనివారం తాళం పడింది. దానికి బోర్డు కూడా లేదు. పేరు రాయొద్దని యజమాని కోరారు, రాయడం లేదు. ఊళ్లో వాళ్లకు ఆ అవసరమూ లేదు.

మూసిన రోజు కూడా బేరం తగ్గలేదు. ఈ మాట ముందే చెప్పాలి. ఇలాంటి కొట్టు మూతపడగానే జనం రుచులు మారిపోయాయని తేల్చేయడం అందరికీ అలవాటైపోయింది. చెన్నైకో హైదరాబాదుకో పనులకు వెళ్లే కుటుంబాలు రైలెక్కే ముందు ఇక్కడ ఆగి కిలోకు తక్కువ కాకుండా కట్టించుకునేవి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వచ్చిన చుట్టాల చేతిలో ఆ పొట్లం పెట్టి పంపడం ఈ ఊరి మర్యాద. కొనేవాళ్లు ఉన్నారు. తెగిపోయింది కొట్టు వెనకాల ఉన్న దారం.

ఆ దారం రెండో కొస లక్కవరపుకోట మండలం భీమాలిలో ఉంది. తాండ్ర అంటే ఈ జిల్లాలో ముందుగా వచ్చే పేరు అదే. మామిడి పండే రోజుల్లో అక్కడ ఇంటిల్లిపాదీ రసం పిండుతారు, వడకడతారు, చక్కెరో బెల్లమో కలిపి చాపల మీద పలచగా పోసి ఎండబెడతారు. ఒక పొర ఆరాకే రెండో పొర. అలా పొర మీద పొర, వారాల తరబడి. ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, గుండె జారుతుంది. ఒక్క వాన పడితే అన్నాళ్ల కష్టమూ బూజు పాలవుతుంది.

యజమాని తాండ్ర కోసే తీరు మాలో చాలామందికి చిన్నప్పటి నుంచీ కళ్లకు కట్టినట్టుంది. కత్తికి నూనె చుక్క రాసి, దిమ్మను గుమ్మం దగ్గరి వెలుతురుకు ఎత్తి పట్టుకునేవారు. పొరలు పుస్తకం పుటల్లా విడివిడిగా కనపడాలి, మధ్యలో ఎక్కడా తెల్లటి చార ఉండకూడదు. అడుగున చాప అల్లిక అచ్చు పడి ఉందా అని బొటనవేలితో తడిమి చూసేవారు. అచ్చు లేని సరుకు ఎంత మెరిసినా గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. తూచిన ముక్కను అడ్డాకులో చుట్టి పురికొస కట్టి ఇచ్చేవారు. ఆ తాండ్ర నోట్లో వేసుకుంటే ముందు పులుపు తగిలి, ఆ వెనకే తీపి వచ్చేది. పెరుగన్నంలో ఒక ముక్క చాలు, వేరే కూర అక్కర్లేదు.

అయితే ఆ కొట్టు చేసిన అసలు పని కొనేవారి కంట పడనిది. మాఘమాసం రాగానే యజమాని భీమాలి వెళ్లి తయారీదారుల ఇళ్లలో బయానా ఇచ్చి వచ్చేవారు. కాగితం లేదు, వడ్డీ లేదు, చిన్న నోటుపుస్తకంలో ఒక పద్దు, అంతే. ఆ డబ్బుతోనే వాళ్లు పండు కొనేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి తోటలు నేలకొరిగాక, మరుసటి ఏడు పండు దొరక్క సరుకు దించలేని ఇళ్లు ఎన్నో. ఆ పద్దుల బాకీ ఆయన అడగలేదు. మళ్లీ మాఘంలో మళ్లీ బయానా ఇచ్చారు. ఏ బ్యాంకూ పూర్తిచేయని ఖాళీని ఒక మనిషి నమ్మకంతో పూర్తిచేశారు. ఊరి పెద్దమనుషుల జాబితాలో ఆయన పేరు ఎప్పుడూ లేకపోవడం మాకు బాధగా ఉంది. మా పత్రిక కూడా ఇన్నేళ్లలో ఆయన గురించి రాయలేదు. అది మా లోపం.

ఇప్పుడు ఏం మారింది? తోటలు పూత మీదే గుత్తకు పోతున్నాయి. మంచి కాయ లారీలెక్కి ఉత్తరాదికి వెళ్తుంటే తాండ్ర చేసేవారికి మిగిలేది రాలుకాయ. ఆ ఇళ్ల పిల్లలు మండుటెండలో చాపల కాపలాకు రావడం లేదు. వాళ్లను తప్పు పట్టలేం. కొట్టుకు సరుకు దించే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. అద్దె పెరిగింది, యజమాని మోకాళ్లు అరిగాయి. మరోవైపు రంగు, ఎసెన్సు కలిపిన చౌక తాండ్ర తళతళలాడే పొట్లాల్లో ప్రతి కిరాణాకొట్టుకూ చేరింది. ఆహార చట్టం ప్రకారం పొట్లం మీద దినుసులను బరువు ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరసగా రాయాలి. మామిడి రసం కంటే ముందు చక్కెర పేరు కనపడితే, మనం కొంటున్నది తాండ్ర పేరున్న చక్కెర అచ్చు. పిల్లలకు కొనిపెట్టే ముందు ఆ ఒక్క వరుస చదవండి.

కొట్టును మళ్లీ తెరవమని యజమానిని అడిగే హక్కు మాకు లేదు. ఆయన చేయవలసిన దానికంటే ఎక్కువే చేశారు. అడగవలసింది జిల్లా యంత్రాంగాన్ని. 2020లో కేంద్రం మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో యంత్రాలకు, షెడ్లకు 35 శాతం సబ్సిడీ ఉంది. తాండ్రకు పెద్ద యంత్రం ఏముంటుంది? ఉన్న యంత్రమల్లా ఎండ. వాళ్లకు కావలసింది ఫాల్గుణం లోపల పండు కొనడానికి చేతిలో డబ్బు. అదే పథకంలో స్వయం సహాయక సంఘాల మహిళలకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల వరకు మూలనిధి ఇచ్చే వెసులుబాటు పెట్టారు. మేం మాట్లాడిన ఇళ్లలో ఆ మాట విన్నవారు లేరు. ఆ సంఘాలను చూసే ప్రభుత్వ విభాగం ‘వెలుగు’ సిబ్బంది ఇంటింటికీ వెళ్లి చెప్పవలసిన సంగతి ఇది. అలాగే రైతుబజారులో కూరగాయల పక్కన ఏడాది పొడవునా ఒక అరుగు తాండ్ర చేసే మహిళలకు కేటాయిస్తే, దళారి లేకుండా సరుకు నేరుగా ఊరికి చేరుతుంది. నగరపాలక సంస్థకు ఇది భారం కాదు.

ఆ నోటుపుస్తకం ఇప్పుడు యజమాని ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది. ఈసారి మాఘంలో బయానా కోసం భీమాలి మహిళలు ఎవరి గుమ్మం ఎక్కాలి? పుష్యం వెళ్లేలోగా జిల్లా అధికారులు వాళ్లకు ఈ జవాబు చెప్పాలి.