ఓమ్స్ కుదిరితే చాలా?

కడపలో ఏడురోడ్ల దగ్గర పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మామ ఒకరు. చర్చి క్వయర్‌లో గిటారు వాయించే మేనల్లుడు ఒకడు. అల్లుడు బెంగళూరు వెళ్లి 1970ల నాటి మార్షల్ కంపెనీ 50 వాట్ల వాల్వు (ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాలతో నడిచే) ఆంప్ కొనుక్కొచ్చాడు. హెడ్, అంటే ఆంప్ భాగం మాత్రమే, స్పీకర్ బాక్స్ లేదు. దానికి ఏ బాక్స్ జోడించాలన్నదే తగవు. వాదన నేను కల్పించిందే, అందులోని లెక్కలు మాత్రం నిజమైనవి. నేను మామ పక్షం. అల్లుడికి అన్యాయం జరిగినట్టు తోస్తే నన్నే తిట్టండి.

అల్లుడు: ఇందులో ఆలోచించాల్సింది ఏముంది మామా? ఈ హెడ్‌కు జోడీ ఎప్పుడో ఖాయమైపోయింది. నాలుగు 12 అంగుళాల సెలెస్టియన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్లు, వెనుక చెక్క మూసిన బాక్స్. తయారుచేసినవాళ్లు ఊరికే పెట్టి ఉంటారా?

మామ: ఊరికే పెట్టలేదు, చేతికి దొరికింది పెట్టారు. 1962లో లండన్ శివారు హాన్వెల్‌లో జిమ్ మార్షల్‌ది డ్రమ్ముల దుకాణం. అక్కడికి వచ్చే గిటారు కుర్రాళ్లకు అమెరికా ఫెండర్ ఆంపుల మీద మోజు, కొనాలంటే ధర అందదు. దుకాణంలో పనిచేసేవాళ్లు ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను దాదాపు ఉన్నదున్నట్టు దించేశారు. ఆ బాస్‌మన్ బేస్ గిటారు కోసం చేసింది, గుర్తుపెట్టుకో. దాని స్పీకర్లు నాలుగూ పది అంగుళాలవి, వెనుక సగం తెరిచిన పెట్టె. మరి మనవాళ్లేం చేశారు? వాల్వులకూ స్పీకరుకూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ను రేడియోస్పేర్స్ అనే విడిభాగాల కంపెనీ దగ్గర కొన్నారు. అంటే నాలాంటి రేడియో మెకానిక్ కొనే చోటే! వాల్వులు మొదట 5881, తర్వాత కేటీ66, ఆ తర్వాత ఈఎల్34. స్పీకర్లు నాలుగెందుకో తెలుసా? అప్పటి సెలెస్టియన్లు ఒక్కొక్కటి 15, 20 వాట్ల కంటే మోయలేవు. రెండే పెడితే కాలిపోతాయి, అందుకని నాలుగు. నువ్వు శాస్త్రం అనుకుంటున్నది అప్పటి అవసరం.

అల్లుడు: అవసరానికి పెట్టినా కుదిరింది కదా! అరవై ఏళ్లుగా రికార్డుల్లో జనం విన్నది ఆ జోడీనే. కుదిరిన దాన్ని ఎందుకు విడదీయాలి?

(ఈ మాటకు మామ దగ్గర జవాబు లేదు. అలాంటప్పుడు ఆయన గొంతు పెంచుతారు.)

మామ: ఎందుకంటే ఆ బాక్స్ 35 కిలోల పైచిలుకు, చర్చి మేడ మెట్ల మీదుగా నువ్వు మోస్తావా? ఆంప్ వెనుక 4, 8, 16 ఓమ్స్ అని సెలెక్టర్ ఉంది. ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకరు ఇచ్చే అడ్డు. బాక్స్ మీద 8 ఉంటే 8 మీద పెట్టు. వాట్లు సరిపోయాయా, అంతే సంగతులు. అదిగో మూలన సౌండ్ సర్వీసువాళ్లు వదిలేసిన బాక్స్, 15 అంగుళాల స్పీకరు, పైన ట్వీటరు (పైస్థాయి స్వరాల చిన్న స్పీకరు), 8 ఓమ్స్, 300 వాట్లు. తగిలించు.

(తగిలించారు. వాల్యూమ్ సగం దాటించి అల్లుడు ఒక్కసారి తీగెలన్నీ కలిపి మీటాడు. పెట్టెలో తేనెటీగలు రేగినట్టు ఒకటే రొద. స్టాండ్‌బై స్విచ్ ఆపింది మామే.)

అల్లుడు: విన్నావుగా. ఇది నీ ఓమ్స్‌కు దొరకని సంగతి. గిటారు స్పీకరు కోన్ (ముందుకూ వెనక్కూ కదిలే గరాటు) 5,000 హెర్ట్‌జ్ దాటితే చేతులెత్తేస్తుంది. అది దాని లోపం కాదు, పని. వాల్వుల్లో శబ్దం చీలినప్పుడు పుట్టే పదునైన స్వరాలను అదే వడకడుతుంది. నీ ట్వీటరు మాత్రం ఒక్కటీ వదలకుండా చెవిలో పోస్తుంది. స్పీకరు ఆంప్‌లో సగం మామా.

మామ: సరే, ఈ బాక్స్ వద్దు. గిటారు స్పీకరే పెడదాం. ఆ మాట ఒప్పుకున్నాను కాబట్టి ఇప్పుడు నా మాట విను. నిన్న నీ స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన గ్రీన్‌బ్యాక్ బాక్స్ 16 ఓమ్స్ కదా. సెలెక్టర్ 8 మీదే ఉంచి వాయించావు. నేను చూశాను.

అల్లుడు: ఒక మెట్టు తేడాకు ఏమీ కాదు. ఫెండర్ ఆంపులకు వెనుక రెండో స్పీకరు గూడు ఉంటుంది. అక్కడ ఇంకో 8 ఓమ్స్ బాక్స్ తగిలిస్తే మొత్తం 4 అయిపోతుంది. కంపెనీయే ఆ వీలు ఇచ్చింది. అదీగాక నీ 8 అసలు 8 కాదు. గ్రీన్‌బ్యాక్ 75 హెర్ట్‌జ్ దగ్గర అనునాదం చెందుతుంది, అక్కడ దాని ఇంపెడెన్స్, అంటే ఆ ఓమ్స్ అంకె, ఎన్నో రెట్లు లేస్తుంది. పైస్థాయిలో మళ్లీ పెరుగుతుంది. ప్రతి స్వరానికీ మారే అంకెతో నువ్వు సరిపోల్చేదేమిటి?

మామ: మంచి ప్రశ్నే. 8 అన్నది పేరుకే, నిజం. మల్టీమీటరు పెడితే ఆరున్నరో ఏడో చూపిస్తుంది. ఆ ఎగుడుదిగుళ్లు లెక్కలో పెట్టుకునే ట్రాన్స్‌ఫార్మర్ చుడతారు. నీ రెండు ఈఎల్34లు సుమారు 3,400 ఓమ్స్ భారం కోరుకుంటాయి. స్పీకరు ఇచ్చేది 8. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు దాదాపు 20.6కి ఒకటి, దాని వర్గం సుమారు 425. అలా 8 కాస్తా వాల్వుకు 3,400గా కనిపిస్తుంది. నువ్వు 8 గూట్లో 16 పెడితే అది 6,800 అవుతుంది. భారం పెరిగిన కొద్దీ వాల్వుల ప్లేట్ల మీద వోల్టేజి ఎగురుతుంది. తక్కువ ఓమ్స్ పెడితే కరెంటు పెరిగి వాల్వులు త్వరగా అరుగుతాయి. మామూలుగా వాయిస్తే నీ ఒక మెట్టు తేడాను ఓర్చుకోవచ్చు. గట్టిగా నొక్కి వాయిస్తే, అందులోనూ యాభై ఏళ్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద, నేను హామీ ఇవ్వను. అసలు స్పీకరే తగిలించకుండా మీటావా, లోపల వేల వోల్టులు లేచి వాల్వు సాకెట్‌లో నిప్పురవ్వలు దూకుతాయి. ట్రాన్సిస్టర్ ఆంపులకు ఇది తిరగబడి ఉంటుంది, వాటికి స్పీకరు లేకపోయినా ఫరవాలేదు, షార్టయితేనే చావు. నువ్వు ట్రాన్సిస్టర్ల కాలంలో పుట్టి ఆ ధైర్యం ఇక్కడ చూపిస్తున్నావు.

అల్లుడు: కాలితే మళ్లీ చుట్టించుకుంటాను. బోరు మోటార్లు చుట్టే షాపులు కడపలో సందుకొకటి ఉన్నాయి.

(ఇక్కడితో అసలు విషయం పక్కదారి పట్టింది.)

మామ: బోరు మోటారు చుట్టేవాడికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరా! ఇందులో ప్రైమరీ (వాల్వుల వైపు చుట్లు) ఒక పొర, దానిపై సెకండరీ (స్పీకరు వైపు చుట్లు) ఒక పొర, మళ్లీ ప్రైమరీ, ఇలా అల్లుతారు. ఒక్కో పొర మధ్య కాగితం. ఆ అల్లిక లేకపోతే పైస్థాయి స్వరాలు చచ్చిపోతాయి.

అల్లుడు: నీ వేంపల్లె మిత్రుడు రేడియో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టలేదా?

మామ: రేడియో అయిదు వాట్లు. ఆయన కళ్లకు శుక్లాలు వచ్చి ఆ పని మానేశాడు కూడా.

అల్లుడు: అంటే చుట్టగలవాడు ఉన్నాడు, ఇప్పుడు లేడంతే. అదే కదా నేనన్నది?

మామ: అది కాదు నువ్వన్నది! సర్లే, ఆ అరువు బాక్స్ ఇటు తే. తొమ్మిది వోల్టుల బ్యాటరీ అందుకో.

(బాక్స్ వెనుక చెక్క విప్పి, ఒక్కో స్పీకరు కొనలకు బ్యాటరీని లిప్తపాటు తాకించారు. మూడు కోన్లు టప్పుమని ముందుకు జరిగాయి. నాలుగోది లోపలికి పోయింది. దాని తీగెలు ఎవరో తిరగేసి అతికించారు.)

మామ: మూడు గాలిని ముందుకు నెడుతుంటే ఒకటి వెనక్కి లాగుతోంది. కింది స్వరాలు ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. నిన్న నువ్వు ఆహా అన్నది దీనికే!

అల్లుడు: ... అయినా బాగుంది.

మామ: బాగుందేమో, చెవి నీది. నేను చెప్పేది ఇది. రెండు 12 అంగుళాల స్పీకర్లు చాలు. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లే, రెండు పెడితే సరిగ్గా యాభై. నీ ఆంప్‌ను చివరిదాకా తిప్పితే యాభై దాటుతుంది, కోన్ పోతుంది. అదే కంపెనీ వింటేజ్ 30 ఒక్కోటి 60 వాట్లు మోస్తుంది, రెండు డెసిబెల్స్ బిగ్గరగా కూడా పలుకుతుంది. 16 ఓమ్స్‌వి రెండు తీసుకుని సమాంతరంగా కలుపు, 8 వస్తుంది. గిటారును ఆంప్‌కు కలిపే కేబుల్‌తో కలపకు, లోపలి కండక్టరు సన్నం. మామూలు రెండు పేటల స్పీకరు వైరు వాడు.

అల్లుడు: పేరులోనే వింటేజ్, వచ్చింది 1986లో. మధ్య పైస్థాయిలో గుచ్చుతుంది అది. గ్రీన్‌బ్యాక్ మెత్తదనం దానికి రాదు.

మామ: అది నిజమే. అయితే ఒక గ్రీన్‌బ్యాక్, ఒక వింటేజ్ 30 పెట్టు. చాలామంది అలాగే కలుపుతారు. ఓమ్స్ మాత్రం రెండిటివీ ఒకటే ఉండాలి, లేకపోతే ఒకటి ఎక్కువ మోస్తుంది. పైగా గ్రీన్‌బ్యాక్ 25 దగ్గరే ఆగుతుంది కనుక వాల్యూమ్ చివరిదాకా తిప్పకూడదు.

అల్లుడు: వెనుక మూయాలి. మూస్తేనే కింది స్వరాలు బిగువుగా వస్తాయి.

మామ: మూస్తే శబ్దం సూటిగా ముందుకే పోతుంది. ముందు వరుసలోని పెద్దవాళ్లు నీ పని పడతారు. సగం తెరిస్తే గది అంతా పరుచుకుంటుంది.

అల్లుడు: మూయాలి మామా.

మామ: పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేస్తున్నాను. వెనుక చెక్కను మూడు పలకలు చేసి స్క్రూలతో బిగిస్తాను. మధ్య పలక నీ ఇష్టం. మెట్ల మీద మోసేటప్పుడు మాత్రం నన్ను పిలవకు.