ప్రచ్ఛన్న యుద్ధం పుట్టింది ఒక కాగితం ముక్క మీద

అమెరికా, సోవియట్ రష్యాల మధ్య నడిచిన ప్రచ్ఛన్న యుద్ధం ఎప్పుడు మొదలైందని పోటీ పరీక్షలకు చదివే పిల్లల్ని అడగండి. 1946 మార్చి 5, అమెరికాలోని ఫుల్టన్‌లో చర్చిల్ ప్రసంగం, ఐరోపాను చీల్చిన ఇనుప తెర అని ఠక్కున చెబుతారు. ఇంకొంచెం లోతుగా చదివినవాళ్లు 1947 మార్చి 12, ట్రూమన్ సిద్ధాంతం అంటారు. రెండూ ఆలస్యపు తేదీలే. నన్నడిగితే అసలు తేదీ 1944 అక్టోబర్ 9. అప్పటికి హిట్లర్ ఇంకా బతికే ఉన్నాడు.

ఆ రాత్రి మాస్కోలోని క్రెమ్లిన్‌లో బ్రిటన్ ప్రధాని చర్చిల్, సోవియట్ నేత స్టాలిన్ ఎదురెదురుగా కూర్చున్నారు. బాల్కన్ సంగతి ఇక్కడే తేల్చేసుకుందామని చర్చిల్ ఒక సగం కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. ఏ దేశంలో ఎవరి పలుకుబడి ఎంత అన్నది లెక్క. రుమేనియాలో రష్యాకు 90 శాతం, మిగతావాళ్లకు 10. గ్రీస్‌లో బ్రిటన్‌కు 90, రష్యాకు 10. యుగోస్లావియా, హంగరీ చెరిసగం. బల్గేరియాలో రష్యాకు 75. కాగితాన్ని బల్ల మీద నుంచి అటు జరిపారు. స్టాలిన్ నీలం పెన్సిల్‌తో పెద్ద టిక్కు పెట్టి ఇటు జరిపారు. ఇన్ని లక్షల మంది తలరాతను ఇంత తేలిగ్గా రాసేశామని లోకం అనుకోదా, దీన్ని కాల్చేద్దామా అని చర్చిల్ అడిగితే, వద్దు, మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు స్టాలిన్. గిట్టనివాళ్లు అల్లిన కథేమీ కాదిది. తర్వాతి కాలంలో చర్చిల్ తన జ్ఞాపకాల్లో తానే రాసుకున్నారు.

ఆ గదిలో ఒక్క గ్రీకు లేడు, ఒక్క రుమేనియన్ లేడు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కూడా లేరు, ఆయన నవంబర్ ఎన్నికల హడావుడిలో ఉన్నారు. తర్వాత రెండు రోజులు విదేశాంగ మంత్రులు ఈడెన్, మోలొటోవ్ కూర్చుని ఆ శాతాల మీద సంతలో బేరమాడినట్టు బేరమాడారు. హంగరీలో, బల్గేరియాలో రష్యా వాటా 80కి పెరిగింది. ఎనభై శాతం హంగరీ అంటే ఏమిటి? ఎనభై శాతం స్వేచ్ఛ పోయినట్టా, ఎనభై శాతం మనుషులు పోయినట్టా? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ కాగితం చిత్తు కాగితమే అయితే మరచిపోవచ్చు. కానీ గ్రీస్, రుమేనియా విషయంలో దాన్ని ఇద్దరూ అక్షరాలా పాటించారు. నా వాదనకు ప్రాణం ఇక్కడే ఉంది.

1944 డిసెంబర్ 3న ఏథెన్స్ నడిబొడ్డున సింటగ్మా చౌక్‌లో ప్రదర్శనకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ వెంటనే నగరం యుద్ధభూమి అయింది. నాజీలతో కొండల్లో పోరాడిన గ్రీకు వామపక్ష గెరిల్లాల మీదికి బ్రిటిష్ ట్యాంకులు, విమానాలు వెళ్లాయి. నగరాన్ని జయించిన నగరంలా చూసి పని కానివ్వమని తన సేనాపతికి చర్చిల్ తంతి పంపారు. కమ్యూనిస్టు ప్రపంచానికి పెద్దదిక్కుగా చెప్పుకునే స్టాలిన్ అప్పుడు ఏం చేశారు? నోరు మెదపలేదు. ఆ 90 శాతం బ్రిటన్‌దని ఆయనే టిక్కు పెట్టారు మరి.

మూడు నెలలు తిరగకుండా రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఇదే నాటకం, పాత్రలు తారుమారు. 1945 ఫిబ్రవరి చివర్లో సోవియట్ ప్రతినిధి విషిన్‌స్కీ రాజు మైకేల్ దగ్గరికి వెళ్లి ప్రభుత్వాన్ని మార్చమని గంటల గడువు పెట్టి, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయారు. మార్చి 6న మాస్కో కోరిన గ్రోజా ప్రధాని అయ్యారు. ప్రజాస్వామ్యం పేరెత్తితే ఉపన్యాసాలు దంచే చర్చిల్ అప్పుడు గట్టిగా మాట్లాడలేకపోయారు. రుమేనియా అంటే వాళ్లు గ్రీస్ అంటారని ఆయనకు తెలుసు.

పొలం పంచుకున్న అన్నదమ్ములు వాటా తేలిన చోట గొడవపడరు. తేలని గట్టు దగ్గరే కర్రలు లేస్తాయి. 1945 నుంచి 1950 దాకా ప్రపంచాన్ని వణికించిన సంక్షోభాలన్నీ ఈ గట్టు తగాదాలే. పోలండ్ ఆ కాగితంలో లేదు, అందుకే 1945 ఫిబ్రవరిలో మూడు పెద్ద దేశాల నేతలు కలిసిన యాల్టాలో అంత రభస. ఇరాన్ లేదు. యుద్ధం ముగిశాక ఆరు నెలల్లో ఖాళీ చేస్తామని ఒప్పుకున్న సోవియట్ సేనలు 1946 మార్చి 2 గడువు దాటినా ఉత్తర ఇరాన్‌లోనే ఉండిపోయాయి. కారల్ మార్క్స్ కోసం కాదు, చమురు కోసం. దక్షిణాన అబాదాన్ చమురు అప్పటికే బ్రిటన్ చేతిలో ఉంది కదా, ఉత్తరాన మాకేదీ అన్నదే మాస్కో లెక్క. జర్మనీలో వాటాలైతే తేలాయి గానీ బెర్లిన్ తేలలేదు. 1948 జూన్ 24న పశ్చిమ బెర్లిన్‌కు సోవియట్ దిగ్బంధం, పదకొండు నెలల పాటు ఆకాశంలో నుంచి బొగ్గు, పిండి.

మళ్లీ గ్రీస్‌కే వస్తాను. 1947 ఫిబ్రవరి 21న బ్రిటన్ చేతులెత్తేసింది. ఖజానా ఖాళీ, మార్చి 31 తర్వాత గ్రీస్‌కు, టర్కీకి సాయం చేయలేమని అమెరికాకు కబురు పెట్టింది. మూడు వారాల్లో అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ చట్టసభ కాంగ్రెస్ ముందు నిలబడి 40 కోట్ల డాలర్లు అడిగారు. స్వేచ్ఛా జాతులను కాపాడటం అమెరికా బాధ్యత అన్నారు. ట్రూమన్ సిద్ధాంతమంటే ఇదే. మాస్కో గ్రీస్‌ను మింగేస్తోందని అమెరికా అంతటా భయం పాకింది. కానీ గ్రీకు గెరిల్లాలకు ముఖ్యంగా ఆసరా ఇస్తున్నది స్టాలిన్ కాదు, యుగోస్లావియా నేత టిటో. 1948 ఫిబ్రవరిలో యుగోస్లావ్, బల్గేరియన్ నాయకులను క్రెమ్లిన్‌కు పిలిపించి, ఆ గ్రీస్ తిరుగుబాటును చుట్టబెట్టేయమని మందలించింది స్టాలినే! ఆ జూన్ 28న టిటో పార్టీని కమ్యూనిస్టు కూటమి నుంచి వెలివేశారు. అమెరికా ఏ రష్యాకు భయపడి గ్రీస్‌కు డబ్బు పోసిందో, ఆ రష్యా నాలుగేళ్ల కిందటి చిట్టీకి కట్టుబడే ఉంది. ఈ ఒక్క సంగతి చాలు, పాఠ్యపుస్తకాల్లోని ప్రచ్ఛన్న యుద్ధం కథను మొదటి నుంచి మళ్లీ రాయడానికి.

ఇది సిద్ధాంతాల పోరేనని వాదించేవాళ్లు ఉన్నారు. పెట్టుబడిదారీ వ్యవస్థే యుద్ధాలకు మూలమన్న 1946 ఫిబ్రవరి 9 నాటి స్టాలిన్ ప్రసంగం, అదే నెల 22న సోవియట్‌ల గురించి హెచ్చరిస్తూ మాస్కో నుంచి అమెరికా దౌత్యవేత్త కెనన్ పంపిన సుదీర్ఘ టెలిగ్రామ్, 1948లో చెకోస్లోవేకియా రాజధాని ప్రేగ్‌లో కమ్యూనిస్టుల అధికార కైవసం, ఆ వెంటనే మార్చి 10న విదేశాంగ మంత్రి మసారిక్ తన భవనం కిటికీ కింద శవమై కనిపించడం చూపిస్తారు. స్టాలిన్ క్రూరత్వాన్ని నేను ఒక్క గింజ కూడా తగ్గించి చెప్పను. కానీ సిద్ధాంతమే మూలమైతే, కమ్యూనిస్టు టిటోకు 1949 నుంచి అమెరికా అప్పులు, సాయం ఎందుకు ఇచ్చింది? హిట్లర్ సాయంతో గద్దెనెక్కిన స్పెయిన్ నియంత ఫ్రాంకోతో 1953లో సైనిక స్థావరాల ఒప్పందం ఎందుకు చేసుకుంది?

గ్రీస్‌కు ఒక చిట్టీ అయినా ఉంది. కొరియాకు అదీ లేదు. 1945 ఆగస్టు 10 అర్ధరాత్రి వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు కల్నల్‌లకు అరగంట టైమిచ్చి, సోవియట్ సేనలు కొరియాలో ఎక్కడ ఆగాలో తేల్చమన్నారు. ఒక పత్రిక ముద్రించిన మ్యాప్ ముందు పెట్టుకుని 38వ అక్షాంశం మీద వేలు పెట్టారు. మాస్కో సరేనంది. ఊళ్లు, వాగులు, పొలాలు ఆ గీతకు అటూ ఇటూ పడ్డాయి. తప్పు చేసిన జర్మనీని చీల్చారంటే అర్థం చేసుకోవచ్చు. ఆసియాలో యుద్ధం తెచ్చింది జపాన్, ముప్పై ఐదేళ్లు దాని బూటు కింద నలిగింది కొరియా. చీలింది మాత్రం కొరియా. నాకు ఇప్పటికీ మనసు మండేది ఇక్కడే. అయిదేళ్లకు ఆ గీత మీదే యుద్ధం భగ్గుమంది. లక్షల్లో పోయారు. 1953 జూలై 27న కాల్పులు ఆగాయి, గీత దాదాపు అక్కడే ఉంది.

ఈ చరిత్రను మనం తెలుగులో ఎలా చదువుకున్నాం? ఇద్దరు మల్లుల కుస్తీలా. నువ్వు రష్యా వైపా, అమెరికా వైపా? తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తుండగానే, 1951 మొదట్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్యతో సహా నలుగురు కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. చైనా దారిని ఉన్నదున్నట్టు మీ దేశంలో నడపలేరని ఆయన చెప్పారు. ఆ అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించారు. విరమణ తప్పా ఒప్పా అన్న చర్చలోకి నేను వెళ్లను. మన నల్లగొండ, వరంగల్ రైతుల పోరు గురించి సలహా కోసం క్రెమ్లిన్ గడప తొక్కాల్సి వచ్చిందన్నదే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. పెద్ద దేశాల కిటికీలో నుంచే లోకాన్ని చూసే అలవాటు మనకు అంత లోతుగా పాకింది.

ఇంకో దారి ఉందని అప్పుడే చూపించినవాళ్లూ ఉన్నారు. 1946 సెప్టెంబర్ 7న, స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాకముందే, రేడియోలో నెహ్రూ ఒకదానికొకటి ఎదురు నిలిచిన కూటములకు దూరంగా ఉంటామని చెప్పారు. మొదట్లో స్టాలిన్ మన రాయబారి విజయలక్ష్మీ పండిట్‌ను కలవనే లేదు. తర్వాత వెళ్లిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను రెండుసార్లు పిలిచి మాట్లాడారు. ఏ పక్షమూ చేరకపోవడం అనైతికమని తర్వాత అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ అన్నారు. రెండు వైపులా తిట్లు తిన్న విధానమది. అది పిరికితనమని ఇప్పుడు టీవీ చర్చల్లో తేలిగ్గా అనేవాళ్లు, 2025 ఫిబ్రవరిలో రియాద్‌లో అమెరికా, రష్యా ప్రతినిధులు ఉక్రెయిన్ యుద్ధం గురించి మాట్లాడుకున్నప్పుడు ఆ బల్ల దగ్గర ఉక్రెయిన్‌కు కుర్చీ లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. కాగితం మారింది, పెన్సిల్ పట్టే చేతులు మారలేదు.

కొరియా యుద్ధం ఆగాక, స్వదేశానికి తిరిగి వెళ్లబోమన్న వేలాది కొరియా, చైనా యుద్ధ ఖైదీల బాధ్యత జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన ఉన్న తటస్థ దేశాల కమిషన్‌కు, కాపలా భారత సైనికులకు అప్పగించారు. మీరు ఎటు వెళ్తారని ఖైదీలను అడిగే ఏర్పాటు చేశారు. చాలామంది ఏదో ఒక వైపు ఎంచుకున్నారు. 88 మంది మాత్రం రెండు కొరియాలూ వద్దు, చైనా వద్దు, తైవాన్ వద్దు అన్నారు. 1954 ఫిబ్రవరిలో వాళ్లు మన సైనికులతో పాటే ఓడెక్కి మద్రాసు రేవులో దిగారు.